ఆమెన్‌కు మూత పడ్డ ఫోటో

నేను ప్రార్థనలో కళ్లు మూసుకున్నందువల్ల ఒక పల్లెకు గంజి ఆగిపోయే పరిస్థితి వచ్చింది. కొత్తగా కెమెరా పట్టిన పిల్లలు ఈ మాట చదివి నవ్వుకుంటారేమో. నవ్వుకోవచ్చు. ఆ రోజుల్లో నా తోటి ఫోటోగ్రాఫర్లు కూడా నవ్వారు. నవ్విన తర్వాతే సాయం చేశారు.

అవి యాభైల మొదటి సంవత్సరాలు. ఉదయగిరిలో నాకొక చిన్న స్టూడియో ఉండేది. స్టూడియో అంటే పెంకుటింటి పంచ, వెనక ఒక తెర, ఆ తెర మీద నేనే వేసిన మెట్లూ పూలకుండీ. కరెంటు లేదు. గోడకు కొట్టిన కంతలోంచి వచ్చే ఎండతోనే ప్రింట్లు వేసుకునేవాణ్ని. మబ్బు పడితే ఆ పూటకు పని లేదు. అయితే ఆ ఏళ్లలో మబ్బు పట్టిన రోజులే తక్కువ. చెరువులు నెర్రెలిచ్చాయి. సీతారామపురం వైపు పల్లెల జనం మూటలు నెత్తిన పెట్టుకుని పని వెతుక్కుంటూ పోతుండేవారు. పెళ్లిళ్లు ఆగిపోయాయి, వాటితోపాటు పెళ్లి ఫోటోలూ ఆగిపోయాయి.

అట్లాంటప్పుడు ఒక పల్లె బడి అయ్యవారు నా దగ్గరికి వచ్చారు. సీతారామపురం దారిలో, చెరువు వెనక ఉన్న చిన్న పల్లె వాళ్లది. బాప్టిస్టు కుటుంబాలే ఎక్కువ. నేను పుట్టిన పల్లె వేరైనా నేనూ అట్లాంటి ఇంటి పిల్లవాడినే. అక్కడి ప్రార్థన మందిరంలోనే వారమంతా బడి, ఆదివారం ఆరాధన. కరువు వచ్చాక మధ్యాహ్నం గంజి కూడా అక్కడే పోసేవారు. గింజలు నెల్లూరులోని ఒక సహాయ సంఘం నుంచి వచ్చేవి. గింజలు గంజి కావడం లేదని, సంతకు పోతున్నాయని ఎవరో ఆ సంఘం చెవిన వేశారట.

"ఫోటో కావాలంటుండారు," అన్నారు అయ్యవారు. "జనం కూర్చోనుండేది, గిన్నెల్లో గంజి ఉండేది, రెండూ ఒకే దాంట్లో కనపడాలంట. వచ్చే మీటింగులో చూపించకపోతే గింజల మూటలు ఆపేస్తారు."

"బయట నీడన కూర్చోబెడదాం అయ్యవారూ. వెలుతురు బాగుంటుంది."

"బయట తినరబ్బయా. దారిన పొయ్యేవాళ్లు చూస్తారని సిగ్గు. లోపల తీసేదానికి ఒప్పించేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కసారే, మళ్లా అడగనని మాటిచ్చినాను."

వెళ్లి చూశాను. మందిరానికి ఒక తలుపు, రెండు చిన్న కిటికీలు. పైన తాటాకు. పట్టపగలు కూడా లోపల మసకే. అప్పటి గాజు ప్లేట్లు ఇప్పటి ఫిల్ములంత చురుకైనవి కావు. వెనక వరసదాకా స్పష్టంగా రావాలంటే కెమెరా మూత తీసి, నెమ్మదిగా పదిదాకా లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టాలి. అంతసేపు ఎవరూ కదలకూడదు. ఆకలి మీద ఉన్న పిల్లలు, ముందు గంజి, కదలకుండా ఎట్లా ఉంటారు?

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. గంజికి ముందు ప్రార్థన ఉంటుంది గదా. ప్రార్థనలో మా వాళ్లు కదలరు. చంటిపిల్లలు కూడా తల్లి ఒళ్లో బిగుసుకుని కూర్చుంటారు. పైగా ఆ పల్లె చర్చి సంఘపెద్ద చేసే ప్రార్థన చుట్టుపక్కల పేరుమోసింది. సృష్టి దగ్గర మొదలుపెట్టి, పాలించేవాళ్లనూ, పడవల్లో పోయేవాళ్లనూ, పశువులనూ పలకరించి గాని గంజి దగ్గరికి వచ్చేవాడు కాదాయన. అంత పొడుగు ప్రార్థనలో పది అంకెలు ఒక లెక్కా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వరసలు సర్దుతుంటే ఒక అవ్వ గిన్నె పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏందబ్బయా, మేం గిన్నెలు ముందర పెట్టుకోనుండేది పటం తీస్తావా?"

"నెల్లూరోళ్లకు చూపించేదానికవ్వా. ఊరికే గాదు."

"గంజి తీసుకో. గిన్నెలు తీసుకో. మా మొగాలు మాత్రం పడనీయబాక. నా కొడుకు కలిగిరి బస్సుల కాడ మూటలు మోస్తుండాడు. వాడి కంటబడిందంటే వాడు ముద్ద నోట్లో పెట్టడు."

"మొగాలు లేకుంటే అది ఫోటో ఎట్టవుతుందవ్వా?"

"తీసేవోడివి నువ్వు. నన్నడిగితే?"

నేను నవ్వాను. నవ్వి, ఆమెను ముందు వరసలో, అందరికంటే బాగా కనబడేచోట కూర్చోబెట్టాను. ముడతలు పడ్డ ముఖం ఫోటోకు బలం ఇస్తుందని ఎక్కడో విని ఉన్నాను.

గంజి పోశారు. సంఘపెద్ద తలుపు పక్కన నిలబడ్డాడు. మొదలుపెట్టిన వెంటనే మూత తీయలేదు నేను. ఆయన ఊపందుకోనీ, పిల్లలు కుదురుకోనీ అని ఆగాను. తర్వాత తీశాను. తీసిన చెయ్యి తీసినట్లే ఉంది, తల మాత్రం నన్ను అడగకుండానే వంగింది. కళ్లు మూసుకున్నాయి. ఒళ్లో కూర్చున్న వయసు నుంచి అలవాటైన శరీరం నాది. మూడు అన్నానో నాలుగు అన్నానో, "ఆమెన్" అని వినిపించింది. అందరితోపాటు నేనూ "ఆమెన్" అన్నాను. నా చెయ్యి మూత పెట్టేసింది.

ఆ రోజు ఆయన సృష్టినీ పశువులనూ వదిలేసి నేరుగా గంజిలోకి దిగాడు.

"ఎట్టొచ్చింది?" అన్నారు అయ్యవారు.

"బ్రహ్మాండంగా వచ్చింది," అన్నాను, ప్లేటు ఇంకా పెట్టెలో ఉండగానే.

స్టూడియోకు వచ్చి ప్లేటు కడిగాక తెలిసింది సంగతి. నెగెటివ్‌లో వెలుతురు తగిలినచోట నలుపు వస్తుంది, తగలనిచోట వట్టి గాజు మిగులుతుంది. నా ప్లేటులో దాదాపు అంతా గాజే. అక్కడక్కడా బూడిదరంగు మరకలు. ప్రింటు వేసి చూస్తే నల్లటి కాగితం, దాని మీద కొన్ని మాసిన చుక్కలు. అయ్యవారు మనిషిని పంపితే "ఇంకా ఆరలేదు" అని చెప్పి పంపాను. మళ్లీ తీస్తానని అడగడానికి నోరు రాలేదు. ఆయన మాట ఇచ్చి ఉన్నారు, నేను బ్రహ్మాండం అని ఉన్నాను.

ఆ ప్లేటును గుడ్డలో చుట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను.

ఆత్మకూరులో స్టూడియో పెట్టుకున్న ఒక సాయిబు ఉండేవాడు, నాకంటే పెద్దవాడు. నెగెటివ్ మీద పెన్సిలు పెట్టి మచ్చలు, ముడతలు పోగొట్టడంలో ఆయన చెయ్యి గొప్పది. ఆయన చేతిలో పడితే ముసలివాళ్లు కూడా పెళ్లికొడుకుల్లా వచ్చేవారు. నేను ఉదయగిరిలో కూర్చుని వాటిని "పెన్సిలు ఫోటోలు" అని ఎగతాళి చేసేవాణ్ని. ఆ మాట ఆయనదాకా పోయిందని నాకు తెలుసు. నేను వెళ్లేసరికి ఆయన దగ్గర ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. కలిగిరివాడు, నా ఈడువాడే. తిరునాళ్లలో పెట్టె కెమెరా నిలబెట్టి, ఆ పెట్టెలోనే కడిగి, నిలబడ్డపాటున ఫోటో చేతిలో పెట్టేవాడు. వాణ్ని నేను ఫోటోగ్రాఫరుగా లెక్కేసేవాణ్నే కాదు.

సాయిబు ప్లేటును కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు.

"ఏమైంది?"

"ప్లేటు కడిగే మందు పాతది భాయ్. సరిగా పనిచెయ్యలా."

ఆయన ప్లేటును అటూ ఇటూ వంచి చూశాడు. "మందుదైతే అంతా ఒకటే తీరుగా పల్చబడుండాల. గిన్నెలు వచ్చినాయి. మనుషులు రాలా. వెలుతురు చాల్లేదబ్బయా ఇది. ఎంతసేపు తీసినావు మూత?"

నేను తల దించుకున్నాను.

"చెప్పరా," అన్నాడు కలిగిరివాడు. "పెళ్లిచూపులకొచ్చినావా, తల దించుకోని కూర్చుండావు?"

చెప్పాను. కలిగిరివాడు నవ్వి నవ్వి బల్ల మీద తల ఆనించాడు. సాయిబు కూడా గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. తర్వాత అన్నాడు: "నాకూ అయింది ఇట్టనే. ఒక నిఖాలో దువా చేసేటప్పుడు మూత తీసినా. అందరూ రెండు చేతులూ చాపినారు, నేనూ చాపినా. మూత ఒళ్లో పడుండాది, దువా అయ్యిందాకా చేతులు దించేదానికి లేదు. ప్రింటేస్తే తెల్లకాగితం. నీకు తక్కువైంది, నాకు ఎక్కువైంది. అంతే తేడా."

ఆ మాటతో నా గుండె కొంచెం తేలికపడింది. ధైర్యం చేసి అడిగాను. "భాయ్, నీ పెన్సిలుతో మొగాలు తెప్పించరాదా?"

"పెన్సిలు ఫోటోలు నీకు గిట్టవు గదా," అన్నాడు ప్లేటు మీది నుంచి చూపు తిప్పకుండా. నేను నేల చూశాను. ఆయన పొడిగించలేదు. "ఉన్న మొగాన్ని బాగుచెయ్యొచ్చు. లేని మొగాన్ని ఎవరిదని గీసేది? నేను గీస్తే ఆత్మకూరు మొగాలే వస్తాయి, బజార్లో రోజూ నాకు కనపడేటియ్యి. గంజి తాగింది వాళ్లు, పటంలో తాగేది వీళ్లు."

"అయితే ఈడనే ఒక గుంపును కూర్చోబెట్టి గంజి పోద్దాం," అన్నాడు కలిగిరివాడు. "నెల్లూరోళ్లకేం తెలుసు యా ఊరోళ్లో?"

నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ సంగతి కూడా ఇక్కడ రాయాలి.

"దొంగతనం జరిగిందేమోననే గదా ఫోటో అడిగింది," అన్నాడు సాయిబు. "ఫోటో కూడా దొంగదే ఇస్తే ఎట్టరా?"

దాంతో ఆ మాట ఆగిపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి. ప్లేటు మీద ఏదైతే పడిందో దాన్నే పైకి తేవాలి. వెలుతురు అసలే తగలనిచోట ఎవరూ ఏమీ చేయలేరు. కొంచెం తగిలి, మన కంటికి ఆననిచోట మాత్రం ఆశ ఉంది. ఎంత ఉందో చూడాలి. సాయిబు రసకర్పూరం సీసా దించాడు. అది విషం. నీళ్లలో కలిపి ప్లేటు అందులో వేస్తే నల్లటి రూపం తెల్లబడుతుంది. తర్వాత అమోనియా నీళ్లలో వేస్తే మొదటికంటే చిక్కటి నలుపు అవుతుంది. కానీ ప్లేటు అంతకుముందు బాగా కడిగి ఉండకపోతే మరకలు పడి మొత్తం పాడైపోతుంది.

"నీళ్లలో బాగా కడిగినావా?" అన్నాడు సాయిబు.

ఆ ఏడు ఉదయగిరిలో తాగడానికే నీళ్లు కరువు. నేను చెంబెడు నీళ్లతో సరిపెట్టాను. ఆ మాట విని కలిగిరివాడు రెండు బిందెలు తీసుకుని బావికి పోయాడు. తిరిగి వచ్చి మళ్లీ పోయాడు. నేను లేవబోతే, "కూర్చో. నువ్వు నీళ్లు మోస్తే దారిలో ఎవురన్నా ప్రార్థన చేస్తే బిందె వదిలేస్తావు," అన్నాడు.

కడగడం అయ్యాక ప్లేటును రసకర్పూరం నీళ్లలో వేశాం. ముగ్గురం పళ్లెం మీదికి వంగాం. ఉన్న ఆ కాస్త బూడిదరంగూ మెల్లగా కరిగిపోతున్నట్లు పోయి, పాలపొరలా తెల్లటి మరకలు మిగిలాయి. అంతా పోయిందనుకున్నాను. సాయిబు ప్లేటు కడిగి అమోనియా వైపు చెయ్యి చాపాడు. అంతలో కలిగిరివాడు ఆపాడు.

"ఆగు భాయ్. ఇట్టియ్యి."

వాడి భుజం మీద ఎప్పుడూ ఒక నల్ల గుడ్డ ఉండేది, కెమెరాలో చూసేటప్పుడు తల మీద కప్పుకునేది. దాన్ని బల్ల మీద పరిచి, తడి ప్లేటును దాని మీద పెట్టాడు. కిటికీ వెలుతురు పక్క నుంచి పడేట్టు ఆ బల్లను కొంచెం జరిపాడు.

మందిరం కనిపించింది.

గాజు ఉన్నచోట గుడ్డ నలుపు, రూపం ఉన్నచోట తెలుపు. నెగెటివ్ కాస్తా అచ్చు వేసిన ఫోటోలాగే నిలబడింది. నేను అప్పటికి ఎన్నో ప్లేట్లు కడిగాను గాని అట్లాంటిది చూడలేదు. వాడు కూడా చూసి ఉండలేదట. తన తిరునాళ్ల పనిలో కాగితం నెగెటివ్‌నే మళ్లీ ఫోటో తీస్తాడు గనక, దీన్నీ అట్లా తీయొచ్చేమోనని నల్లగుడ్డ మీద పెట్టి చూశాడంతే. సాయిబు భూతద్దం తెచ్చాడు. అది ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నాం.

"ఇయ్యి సత్తుగిన్నెలు. లోపల గంజి, చూడు ఎంత తెల్లగా ఉండాదో."

"ఇది మోకాలా?"

"మోకాలే. దాని మీద చెయ్యి. పిల్లోడిది."

"ఈ వరస తలగుడ్డలు. అంటే ఆ వెనక ఇంకో వరస ఉండాది."

నేను ఆ గదిలో నిలబడి తీసినవాణ్ని. అయినా ఒక్కొక్కటి కనిపిస్తుంటే కొత్తగా చూసినట్లే ఉంది. గిన్నెలన్నీ వచ్చాయి. గంజి వచ్చింది. చేతులు వచ్చాయి. ముఖాలు మాత్రం రాలేదు. వంచిన తలలు చీకట్లో కలిసిపోయాయి. ముందు వరసలో అవ్వ గిన్నె అందరికంటే పెద్దగా మెరుస్తోంది, దాని వెనక నలుపు.

"ఈడ ఒక మొగం ఉండాదే," అన్నాడు సాయిబు భూతద్దం తలుపు వైపు జరిపి. "వెలుతురులో నిలబడుండాడు. ఎవురు?"

"ప్రార్థన చేసే పెద్దాయన."

"ఒక కన్ను తెరుచుకోనుండాడు. నిన్నే చూస్తుండాడు."

నేను చూశాను. నిజమే. ఒక కన్ను మూసి ఉంది, రెండోదానిలో చిన్న తెల్లటి చుక్క. పాపం ఆయన నా పని ఎప్పుడవుతుందా అని చూస్తూ ప్రార్థన నడిపాడు. నా తల వంగడం చూసి, అయిపోయిందనుకుని ఆమెన్ అనేశాడు. పిల్లల ఆకలి చూసి తొందరపడ్డాడని అప్పటిదాకా లోలోపల తప్పంతా ఆయన మీద వేసి ఉన్నాను నేను.

అమోనియాలో వేద్దామా, ఇట్లాగే దీన్ని ఫోటో తీద్దామా అని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి ముందు ఫోటో తీసి, తర్వాత అమోనియా సంగతి చూద్దామన్నారు. సాయిబు పెద్ద కెమెరా ఎదురుగా ప్లేటు నిలబెట్టాం. మూత నన్నే తీయమన్నారు. నేను వద్దన్నాను.

"నీ ఫోటో, నువ్వే తియ్యాల," అన్నాడు సాయిబు.

కలిగిరివాడు నా గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తి పట్టుకున్నాడు. "కళ్లు తెరిచి లెక్కపెట్టు. లోపల యా దేవుణ్నీ తల్చుకోబాక."

నేను లెక్కపెట్టాను. సాయిబు నా చెయ్యినీ వెలుతురునూ చూస్తూ నిలబడ్డాడు. చాలనిపించినప్పుడు ఆయనే "ఆమీన్" అన్నాడు. నేను మూత పెట్టాను.

ఆ కొత్త ప్లేటు నుంచి వేసిన ప్రింటు పట్టుకుని ఉదయగిరి వచ్చేసరికి అయ్యవారు నెల్లూరు బస్సు కోసం నిలబడి ఉన్నారు. కవరు విప్పి ఫోటోను ఎండకు తిప్పి చూశారు.

"ఆరలేదని చెప్పి పంపినావే?"

"అబద్ధం చెప్పినాను అయ్యవారూ. మూత తొందరగా పెట్టేసినాను. మొగాలు రాలేదు."

"మొగాలేవని అడిగితే నేనేం చెప్పాల?"

అంతలో బస్సు వచ్చింది. ఆయన ఎక్కి వెళ్లిపోయారు. ఆయన తిరిగి వచ్చిందాకా స్టూడియో తలుపు తీసి కూర్చున్నానే గాని ఒక్క పనీ చేయలేకపోయాను. నెల్లూరు బస్సు వచ్చి ఆగినప్పుడల్లా పంచలోంచి లేచి నిలబడేవాణ్ని.

వచ్చిన రోజు అయ్యవారు నేరుగా స్టూడియోకే వచ్చారు.

"మూటలు వస్తుండాయి," అన్నారు కూర్చుంటూ. "మీటింగులో నెల్లూరు పెద్దమనిషి ఒకాయన గిన్నెల మీద వేలు పెట్టుకుంటా పొయినాడు, ఒక్కోటీ. వెనక వరస దాకా. మొగాలు కనపడవేందంటే, ప్రార్థనలో ఉండారన్నాను. ఇంకేం అడగలా." పైగుడ్డతో మొహం తుడుచుకుని అన్నారు: "మొగాలుంటే మొగాలే చూసేవాళ్లేమో అబ్బయా. లేవు గాబట్టి గంజి చూసినారు."

ఆ మాట ఆయన నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో ఇప్పటికీ తెలియదు.

మూటలు వచ్చిన తర్వాత ఇంకొక ప్రింటు వేసి పల్లెకు తీసుకుపోయాను. గంజి వేళకే చేరాను. ఫోటో చేతులు మారింది. ఆడవాళ్లు ముందుగా పట్టుకున్నది సంఘపెద్ద కన్నునే.

"పెద్దయ్యా, ఇన్నేండ్లూ కన్ను తెరుచుకోనే ప్రార్థన చేస్తుండావా? మేం కునుకు తీసేది కూడా చూస్తుండావన్నమాట."

"వీడి చెయ్యి చూస్తుంటిని," అన్నాడాయన నా వైపు చూపించి. "వీడు తల వంచితే, పని అయిపోయి దణ్ణం పెట్టుకుంటుండాడేమో అనుకుంటి."

అవ్వ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"నేను యాడుండా?"

"ముందు వరసలో అవ్వా. ఇదో, ఇది నీ గిన్నె."

"మొగం?"

"పడలేదు."

ఆమె ఫోటో మొత్తం ఇంకోసారి వెతికింది. ఎవరి ముఖమూ లేదని తేల్చుకుంది. తర్వాత ఫోటో పక్కన పెట్టి, గిన్నె కడిగిన తడి ఆరని చేత్తోనే నా గడ్డం పట్టుకుంది.

"నవ్వితివే, వినవనుకున్నా. ముసలిదాని మాట నిలబెట్టినావు నాయనా."

అందరూ నా వైపు తిరిగారు. అయ్యవారు కూడా చూశారు. ఆయనకు తెలుసు. నేను చెప్తానేమోనని ఆగారు. కాదవ్వా, నేను నీ మాట వినలేదు, నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది అందుకు కాదు, అని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో సంఘపెద్ద తలుపు పక్కన నిలబడి ప్రార్థన ఎత్తుకున్నాడు. అందరి తలలూ వంగాయి. నా తలా వంగింది.

ఆ రోజు ఆయన ఎవర్నీ వదల్లేదు. సృష్టి దగ్గర మొదలుపెట్టి పడవల్లో పోయేవాళ్లదాకా, పశువులదాకా, గింజలు పంపినవాళ్లదాకా పలకరించాడు. చివరికి ఫోటో తీసినవాణ్ని కూడా దీవించాడు. ఆ ప్రార్థనలో ఎన్ని ప్లేట్లయినా తీయొచ్చు. అవ్వకు చెప్పవలసిన మాటను నేను లోపల ఎన్నిసార్లు కూర్చుకున్నానో. ఆమెన్ వినిపించింది. ఆమె గిన్నె ఎత్తి గంజి తాగుతూ నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను.